చక్రం పెద్దదైతే చాలదు!

బళ్లారి: కారు చేతికొచ్చిన కొన్నాళ్లకే కుర్రాళ్ల కన్ను పడేది చక్రాల మీద. అలాయ్‌ల కోసం బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్లొచ్చే వాళ్లు బళ్లారి, హొసపేటల్లో చాలామందే. ‘‘పదిహేడించులు ఏపిచ్చుకో అన్నా, ఏం గాదు’’ అనే సలహా ఊరికే దొరుకుతుంది. గుంతలో పడి రిమ్ము పగిలితే మాత్రం సలహా ఇచ్చినోళ్లు కనిపించరు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐనే తీసుకుందాం. 2013లో వచ్చింది. కంపెనీ 2022లో పోలో అమ్మకాలు ఆపేసినా సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతూనే ఉంది. లెక్కకు స్పోర్ట్స్ కారు కాదు గానీ, టర్బో ఇంజన్ ఊపు చూసిన కుర్రకారుకు అదే స్పోర్ట్స్ కారు.

టైరు మీద రాత

ఆ బండి తొలి టైరు 185/60 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు. అందులో 60 శాతం, అంటే 111 మి.మీ., పక్క గోడ ఎత్తు. రిమ్ము 15 అంగుళాలు. అన్నీ కలిపితే చక్రం ఎత్తు 603 మి.మీ. కొత్త టైరు ఈ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. కిటుకంతా ఇక్కడే.

195/50 ఆర్16 వేస్తే 601 మి.మీ. దాదాపు సమానమే. అదే 195/55 ఆర్16 అయితే 621. మీటరు వంద చూపిస్తుంటే బండి 103లో పోతుంటుంది. 205/45 ఆర్17 ఎత్తు 616. ఫర్వాలేదనిపిస్తుంది కానీ పక్క గోడ 92 మి.మీ.కు పడిపోతుంది. ఖనిజం లారీలు తిరిగే రోడ్ల మీద రిమ్మును కాపాడేది తగ్గిన ఆ 19 మి.మీ. రబ్బరే. ఈ బండికి మన దారుల్లో 16 దాటకపోవడమే మేలు.

బోల్టుల దగ్గర తంటా

పోలోకు అయిదు బోల్టులు. అవి కూర్చునే వలయం 100 మి.మీ., మధ్య రంధ్రం 57.1 మి.మీ. బయట దొరికే రిమ్ముల్లో ఈ రంధ్రం పెద్దగా ఉంటే సందులో హబ్ రింగు వేయాలి. లేకపోతే స్టీరింగు వణుకుతుంది. పాత ఫియట్ పాలియోది మరో కథ. దానికి నాలుగు బోల్టులు, వలయం 98 మి.మీ. కొందరు 100 రిమ్ముకే బలవంతంగా బిగించేస్తారు. చూసేందుకు కూర్చున్నట్టే ఉంటుంది, బోల్టులు మాత్రం వంకరగా పట్టుకుంటాయి. దారిలో వదులైతే చక్రమే ఊడిపోవచ్చు. అలా బిగిస్తామనే షాపులో బండి ఆపకూడదు.

రిమ్ము మీద ‘ఈటీ’ అంకె కూడా ఉంటుంది. ఆరంగుళాల వెడల్పు, ఈటీ 40 ఉన్న రిమ్ము తీసి ఏడంగుళాల ఈటీ 35 వేస్తే అంచు బయటికి సుమారు 18, లోపలికి 8 మి.మీ. జరుగుతుంది. ఖాళీ బండిలో ఇది తెలియదు. నలుగురిని ఎక్కించుకుని, స్టీరింగు చివరిదాకా తిప్పి, ఎక్కడైనా రాసుకుంటోందేమో చూశాకే డబ్బులివ్వాలి.

బరువు అంకెను చాలామంది వదిలేస్తారు. టైరు మీద 84హెచ్ అని ఉంటే ఒక్కో టైరు 500 కిలోలు, గంటకు 210 కి.మీ. వేగం తట్టుకుంటుందని అర్థం. 205/45 ఆర్16లో 83 రకమూ దొరుకుతుంది. అది మోసేది 487 కిలోలే.

కంపెనీ కొలతలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. చెప్పకుండా మార్చితే బీమా క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు. కంపెనీ ఒప్పుకున్న సైజులు బండి పుస్తకంలో ఉంటాయి. డోరు పక్కనో, పెట్రోలు మూత లోపలో స్టిక్కరు ఉంటే అదీ చూసుకోవాలి.