ముసలి కుక్క కీళ్లకు గిన్నెలో జరిగే వైద్యం

వయసు పైబడిన కుక్కలకు వచ్చే కీళ్లవాతమంటే, రెండు ఎముకలు కలిసే చోట వాటి కొసలను కప్పి ఉంచే నునుపైన మృదులాస్థి పొర ఏళ్ల తరబడి అరిగిపోయి, కీలు వాచి, దాని చుట్టూ కొత్త ఎముక మొలుచుకురావడమే. అరిగిన పొర మళ్లీ మునుపటిలా ఏర్పడదు గనుక, ఆహారం చేయగలిగినదల్లా కీలుపై పడే బరువును తగ్గించడం, వాపును కొంత అణచడం మాత్రమే. పడుకుని లేవగానే కాళ్లు బిగుసుకుపోయి కుంటడం, మెట్టెక్కడానికి జంకడం దీని తొలి గుర్తులు. తెలంగాణలో చలికి పేరుపడిన ఆదిలాబాద్ ప్రాంతంలో పుష్య మాసపు తెల్లవారుజామున ఈ బిగుసుదనం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఊరంతా తిరిగి దొరికినదేదో తినే పల్లె కుక్కకు ఒంట్లో కొవ్వు పేరుకునే అవకాశం తక్కువ. కరీంనగర్ కాలనీల్లోనో, గోదావరిఖని క్వార్టర్లలోనో ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్ద పెట్టగా పెరిగిన ల్యాబ్రడార్ సంగతి వేరు. అమెరికాలో 48 ల్యాబ్రడార్ పిల్లలను 24 జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ తిండి పెట్టి చూసిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్లు దాటి బతకగా, రెండో గుంపులో ఆ వయసు 11.2 ఏళ్లే, పైగా తక్కువ తిన్న కుక్కలకు కీళ్లవాతం ఆలస్యంగా వచ్చింది. డబ్బాల్లో అమ్మే ఏ అదనపు పోషకానికీ ఇంతటి రుజువు లేదు.

పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా, అరచేత్తో నిమిరితే తేలికగా తగలాలి. తగలకపోతే కుక్క బరువెక్కినట్టే. వారానికి ఒంటి బరువులో 1 నుంచి 2 శాతం, అంటే 30 కిలోల కుక్కకు 300 నుంచి 600 గ్రాములు తగ్గేలా తిండి కొలవాలి. తగ్గించవలసింది అన్నం, మక్క గటక, నెయ్యి రాసిన జొన్నరొట్టె, పండుగనాటి సకినాలు. ఉడికించిన గుడ్డు, తోలు తీసిన కోడిమాంసం కాదు. ముసలితనంలో కండ కరిగిపోతుంది, కీలును పట్టి నిలిపేది ఆ కండే గనుక, మూత్రపిండాల జబ్బు ఉంటే తప్ప మాంసకృత్తులకు కోత పెట్టకూడదు. మోకాళ్లకు మంచిదని మనుషులు తాగే పాయాను కుక్కకూ పోయడం ప్రేమే కావచ్చు గానీ, అందులోని కొవ్వు బరువు పెంచుతుంది, ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి, ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

అదనపు పోషకాల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది చేపనూనెకు. అందులోని ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు వాపును పుట్టించే రసాయనాలను తగ్గిస్తాయి. లోయర్ మానేరు జలాశయపు రవ్వ, బొచ్చె చేపల్లో ఇవి కవళ్ల వంటి సముద్రపు చేపల్లో ఉన్నంతగా ఉండవు. అవిసెగింజల్లో ఉండే ఒమేగా-3 వేరు రకం, దానిని కుక్క శరీరం ఈ రూపంలోకి మార్చుకోగలిగేది కొద్దిగానే. మందుల దుకాణంలో 1000 మిల్లీగ్రాములని రాసి ఉన్న సాధారణ చేపనూనె గుళికలో ఈ రెండూ కలిపి తరచూ 300 మిల్లీగ్రాములే ఉంటాయి గనుక, మోతాదు లెక్కించవలసింది ఆ రెండో అంకెతోనే. మోతాదు మించితే విరేచనాలవుతాయి. కాడ్‌లివర్ నూనె దీనికి బదులు కాదు, అందులోని ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుని హాని చేస్తాయి. ఎక్కువగా అమ్ముడయ్యే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలకు మాత్రం పరిశోధనల మద్దతు బలహీనమే.

ఆహారంతో నొప్పి తగ్గకపోయినా, ఇంట్లో పెద్దవారి మోకాళ్ల కోసం ఉంచిన డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బిళ్లలు వేయకూడదు, అవి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై గూళ్లు కట్టుకున్న రాబందుల జాతి దేశమంతటా కుప్పకూలడానికి కారణం కూడా పశువులకు వాడిన ఆ డైక్లోఫెనాకే. 2006లో పశువైద్యంలో దానిని నిషేధించారు. కుక్కకు తగిన మెలాక్సికం వంటి మందును పశువైద్యుడు రక్తపరీక్ష చూసి, ఒంటి బరువును బట్టి రాస్తాడు. తిండి తగ్గి కుక్క సన్నబడితే పాత మోతాదు ఎక్కువైపోతుంది కనుక, మళ్లీ తూకం వేయించి దానిని సరిచేయించాలి.