పచ్చబొట్టు... కంటికీ చేటు!

అబిడ్స్‌లో షాపింగ్‌కో, నాంపల్లి నుమాయిష్‌కో వెళ్లినప్పుడు 'ఒక్క టాటూ వేయించుకుంటా' అని పిల్లలు మారాం చేస్తున్నారా? సరే అనేముందు సూది సంగతి చూడండి. ఒకరికి గుచ్చిన సూదే మరొకరికి వాడితే హెపటైటిస్‌-బి, సి, హెచ్‌ఐవీ సోకవచ్చు. అందుకే 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు టాటూ తరవాత 12 నెలలపాటు రక్తదానం వద్దన్నాయి.

రంగులతోనూ చిక్కే. ముఖ్యంగా ఎరుపు కొందరికి పడదు. ఏళ్ల తరవాతైనా అక్కడ దురద, గడ్డలు రావచ్చు. నల్లరంగు అరుదుగా కంటిమీదికీ తెస్తుంది. చేతిమీది పచ్చబొట్టు ఉబ్బుతుంది, కళ్లు ఎర్రబడి చూపు మసకబారుతుంది. ఇదే యువైటిస్‌. నిర్లక్ష్యం చేస్తే గ్లకోమా వచ్చి చూపే పోవచ్చు. కళ్లకలక అనుకుని చుక్కలమందుతో సరిపెట్టకండి. కంటి డాక్టరుకి చూపించి, టాటూ సంగతీ చెప్పండి. ఇక, కనుగుడ్డుకే రంగు వేయించుకునే సరదా వద్దే వద్దు!