ముప్పై రోజుల లెక్క వేరు, పదేళ్ల లెక్క వేరు

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి కనుక్కోవడానికి వెళ్లినవారికి ముందుగా వినిపించే మాట, "రిస్కు చాలా తక్కువండీ" అని. అది అబద్ధమేం కాదు. అమెరికాలోని 10 కేంద్రాల్లో ఈ ఆపరేషన్లు చేయించుకున్నవారిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, 30 రోజుల్లోపు చనిపోయినవారు 0.3 శాతం. మరణం, రక్తం గడ్డకట్టడం, మళ్లీ ఆపరేషనో మరో చికిత్సో చేయాల్సి రావడం, నెల గడిచినా ఇంటికి పంపలేకపోవడం... వీటిలో ఏదో ఒకటి ఎదురైనవారు 4.3 శాతం. అంటే వంద మందిలో 95 మందికి పైగా మొదటి నెలను పెద్ద ఆపద లేకుండా దాటేశారు.

కానీ పొట్టను కోసి మార్చుకున్న మనిషి దానితో బతకాల్సింది నెల కాదు, ఇరవై ముప్పై ఏళ్లు. రోగి అడగాల్సింది ఆ లెక్క.

స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. బైపాస్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో చిన్న సంచిని మిగిల్చి, దాన్ని పేగులో దిగువ భాగానికి కలుపుతారు. స్విట్జర్లాండ్‌లో ఈ రెండింటినీ పోల్చి చూశారు. ఐదేళ్లలో మళ్లీ ఆపరేషనో మరో చికిత్సో అవసరమైనవారు స్లీవ్‌లో 101 మందిలో 16 మంది, బైపాస్‌లో 104 మందిలో 23 మంది. మొదటి నెల 4.3 శాతం పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి.

ఫిన్లాండ్‌లో 240 మందితో మొదలైన అధ్యయనం పదేళ్ల ఫలితాలు చెప్పింది. అదనపు బరువులో తగ్గింది స్లీవ్‌లో 43.5 శాతం, బైపాస్‌లో 50.7 శాతం. ఈ "అదనపు బరువు" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉన్నవారిని తీసుకుందాం. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 25కి లెక్కిస్తే ఉండాల్సింది 64 కిలోలు, అంటే అదనం 46. అందులో సగం పోతే 23 కిలోలు తగ్గి 87 దగ్గర ఆగుతారు. పెళ్లి ఫొటోలో ఉన్నట్టు అయిపోతామనుకున్నవారికి ఇది నిరాశే. వైద్యపరంగా మాత్రం మంచి ఫలితం.

పదేళ్ల తర్వాత ఆ రెండు ఆపరేషన్ల మధ్య తేడా ఈ ఉదాహరణలో మూడు కిలోలే. అసలు తేడా మరోచోట ఉంది. అదే అధ్యయనంలో ఎండోస్కోపీ చేసి చూస్తే అన్నవాహిక ఒరుసుకుపోయి పుండ్లు కనిపించినవారు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. ముందే ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవారికి స్లీవ్ చేస్తామంటే ఎందుకని గట్టిగా అడగాల్సిందే. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చాల్సి రావడానికి ఒక ముఖ్య కారణం ఈ మంటే.

బైపాస్‌కు దాని బెడద దానికుంది. పేగును కొత్తగా కలిపినప్పుడు ఏర్పడే ఖాళీల్లోకి పేగు దూరి ఇరుక్కోవచ్చు. స్వీడన్‌లో 2,500 మందిపై జరిగిన పరీక్షలో, ఆ ఖాళీలను కుట్టనివారిలో 10.2 శాతానికి, కుట్టినవారిలో 5.5 శాతానికి మూడేళ్లలో పేగు అడ్డుపడి మళ్లీ ఆపరేషన్ అయింది. చిన్న కుట్టే, ముప్పును దాదాపు సగానికి దించింది. సిగరెట్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ అతుకు దగ్గర పుండుకు దారితీస్తాయి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకునే మన అలవాటు ఇక్కడ ప్రమాదకరం.

ఇక రివిజన్, అంటే ముందు చేసినదాన్ని సరిచేయడానికో మార్చడానికో మళ్లీ చేసే ఆపరేషన్. అమెరికాలో 2011లో జరిగిన ఈ ఆపరేషన్లలో రివిజన్లు 6 శాతం. 2019లో జరిగినవి మొత్తం సుమారు 2,56,000 కాగా అందులో 16.7 శాతం అవే. ఆపరేషన్లు చెడిపోతున్నాయని దీనికి అర్థం కాదు. 2011లో మూడో వంతుకు పైగా వేసినవి బ్యాండ్లు, అంటే జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే పట్టీలు. 2019కల్లా అవి ఒక శాతంలోపుకు పడిపోయాయి. కానీ అంతకుముందు వేసినవి ఒంట్లోనే ఉన్నాయి కదా. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ కింద 2006 నుంచి 2013 మధ్య బ్యాండ్ వేయించుకున్న 25,042 మందిలో 18.5 శాతానికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. అలా వెళ్లినవారికి సగటున 3.8 సార్లు.

బరువు మళ్లీ పెరిగింది కాబట్టి రివిజన్ అనేవారితో నాకు పేచీ ఉంది. స్వీడన్‌లోనే జరిగిన మరో దీర్ఘకాల అధ్యయనంలో బైపాస్ అయినవారు మొదట 32 శాతం బరువు తగ్గి, పదేళ్లకు 25 శాతం దగ్గర నిలిచారు. కొంత తిరిగి రావడం మామూలే. ఆ అధ్యయనంలోనే, మరణాలు ఆపరేషన్ చేయించుకోనివారితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తక్కువ. వచ్చిన ఐదారు కిలోల కోసం రెండోసారి కత్తి కిందికి వెళ్లడం తొందరపాటు. మొదటి ఆపరేషన్ తాలూకు అతుకులూ మచ్చల మధ్య చేయాల్సింది కాబట్టి రెండోది ఎప్పుడూ కష్టమైనదే. మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, తగ్గని మంట, పుండ్లు ఉంటే మాత్రం అది వేరే సంగతి.

ఆగని వాంతులను అజీర్ణం అనుకోవద్దు. బి1 విటమిన్ కొన్ని వారాల్లోనే అడుగంటి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు. శాకాహారులకు బి12 ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం చూసుకోవాల్సినవే. తొలి వారాల్లో గుండె వేగం 120 దాటి, జ్వరమో కడుపునొప్పో ఉంటే కుట్టిన చోట లీకేజీగానే అనుమానించి, ఆపరేషన్ చేసిన చోటికి వెంటనే వెళ్లాలి.

బీమా విషయం ఒక్క మాట. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35 ఉండాలి. తొలిసారి తగ్గిన బరువు కారణంగా రివిజన్ నాటికి ఆ గీత కిందికి వచ్చి ఉండవచ్చు, ముందే రాతపూర్వకంగా అడగండి. రివిజన్ చేస్తామన్న డాక్టరు దగ్గరికి మొదటి ఆపరేషన్ నోట్సు తీసుకెళ్లండి. ఎండోస్కోపీ, మందు తాగించి తీసే ఎక్స్‌రే చూడకుండా తేదీ ఇస్తే ఒప్పుకోకండి.