బెంగళూరు బస్సెక్కే ముందు



హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు వైపు ఇళ్ళలో బెంగళూరుకు వెళ్ళిన పిల్లలు ఎందరో. డిగ్రీ చేతికి రాగానే మెజెస్టిక్‌లో దిగుతారు. "అక్కడ తెలుగుతోనే గడిచిపోతుందిలే" అని మనమే ధైర్యం చెప్పి పంపుతాం. గడిచే మాట నిజమే. అద్దెకు గది దొరుకుతుంది, అంగట్లో సరుకులు దొరుకుతాయి. ఉద్యోగంలో పైకి రావడం మాత్రం వేరే సంగతి.

ఒక ఆసుపత్రిలో ఇద్దరు నర్సులున్నారనుకోండి. చదువు ఒకటే, ఇంగ్లీషూ అంతంతే. తుమకూరు పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ, నొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో కన్నడంలో చెబుతుంది. అది విని సరిగా రాసుకోగలిగిన నర్సునే పెద్ద డాక్టరు పక్కన ఉంచుకుంటాడు. సర్కారు కొలువైతే మరీను. కర్ణాటక పబ్లిక్ సర్వీస్ కమిషన్ నడిపే గెజిటెడ్ ప్రొబేషనరీ ఉద్యోగాల మెయిన్స్‌లో కన్నడ పేపరు తప్పనిసరి. గ్రామీణ బ్యాంకు ఉద్యోగాలకూ స్థానిక భాష రావాలన్నది అర్హతల్లో ఒకటి.

కోలారు జిల్లాలో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం. ఆయన మైసూరు సంస్థానంలో పెద్ద ఉద్యోగం చేశారు. కన్నడంలో కథలు, నవలలు రాశారు. 1983కు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. మన పిల్లలు అంత దూరం పోనక్కరలేదు; రోగి మాట, ఖాతాదారు మాట అర్థమైతే చాలు.

నిజానికి మనకు సగం దారి ముందే వేసి ఉంది. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. మన తలకట్టు పైకి లేస్తుంది, వాళ్ళది అడ్డంగా పడుకుంటుంది, అంతే తేడా అనిపించే అక్షరాలు చాలా ఉన్నాయి. మాటలకూ ఒక కిటుకుంది. మన పకారం చాలాచోట్ల అక్కడ హకారం. పాలు హాలు, పులి హులి, పండు హణ్ణు, పది హత్తు, పల్లె హళ్ళి. పాత కన్నడంలో వీటికీ పకారమే ఉండేది. అయితే కిటుకు దొరికింది కదా అని అన్నిటికీ వాడేయకండి. పనిని వాళ్ళు 'కెలస' అంటారు.

ఈ దగ్గరితనమే ఒక్కోసారి బోల్తా కొట్టిస్తుంది. వడ్డించేవాడితో కన్నడిగుడు 'సాకు' అంటే చాలని అర్థం, వంక చెబుతున్నాడని కాదు. 'ఊట' అంటే భోజనం, నీటి ఊట కాదు. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పిలుపు దగ్గర. మనకు 'నీవు' చనువు మాట. కన్నడంలో 'నీవు' అంటే మీరు. చనువుకు 'నీను' అంటారు. మేనేజరుగారిని 'నీను' అని పిలిచారంటే, ఆ రోజు మీ పని అయినట్టే.

మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఊళ్ళున్నాయి. అక్కడి పిల్లల ఒకటో తరగతి వాచకం ఒకటి అడిగి తెచ్చుకోండి. అక్షరాలు పట్టుబడ్డాక బెంగళూరులో దుకాణాల బోర్డులు చదువుతూ నడవండి. బస్సెక్కితే కండక్టరును 'ఎష్టు?' అని అడగండి. ఆయన మీ యాస పట్టేసి తెలుగులో జవాబిస్తాడు. మీరు మాత్రం రెండోసారీ కన్నడంలోనే అడగండి.