పగడాల దీవిలో మూడు దినాలు

సముద్రస్నానమంటే మనలో చాలామందికి తెలిసినది సూర్యలంక, మంగినపూడి, లేదా విశాఖ తీరం. అల వచ్చి మీద పడుతుంది, మనం కేరింతలు కొడతాం, మరొక అల వస్తుంది. ఆపైన ఒడ్డుకు చేరి వేడి బజ్జీలు తిని బస్సెక్కుతాం. నీటి లోపల ఏమున్నదో చూడాలనే ఆలోచన కలుగదు. కలిగినా ప్రయోజనం స్వల్పమే. గోదావరీ కృష్ణలు మోసుకువచ్చే ఒండ్రు వల్ల మన తీరజలం చాలాచోట్ల మట్టిరంగుగానే ఉంటుంది. ఆ ఒండ్రు మన పొలాలకు ప్రాణం. పగడపు జీవికి మాత్రం అదే మృత్యువు. దానికి వెలుతురు కావాలి, నిర్మలమైన ఉప్పునీరు కావాలి. అందుచేతనే మన కోస్తాలో చెప్పుకోదగిన ప్రవాళ భిత్తికలు ఏర్పడలేదు.

ఆ భిత్తికల మీదనే నిలిచిన దేశం ఒకటి మన దేశంలోనే కలదు. అది కేరళ తీరానికి పడమరగా అరేబియా సముద్రంలో ఉన్న లక్షద్వీప సముదాయం. పేరులో లక్ష ఉన్నా, అధికార లెక్క ప్రకారం దీవులు 36 మాత్రమే. వాటిలో జనావాసాలున్నవి 10. మొత్తం భూమి సుమారు 32 చదరపు కిలోమీటర్లు. 1956లో కేంద్రపాలిత ప్రాంతమైన ఈ దీవులకు 1973లో ఇప్పటి పేరు పెట్టారు. 2011 జనగణన నాటికి అక్కడి జనాభా 64,473. మన జిల్లాలలో ఒక మోస్తరు పట్టణంలోనే అంతకన్న ఎక్కువమంది ఉంటారు. గడచిన శీతాకాలపు సెలవులలో మా పెద్దన్నయ్యతో కలిసి అక్కడ మూడు దినాలు గడిపే అవకాశం నాకు లభించింది. ఇంత చిన్న దీవిలో మూడు రోజులు ఏమి చేస్తారని తిరిగివచ్చిన తరువాత మిత్రులు అడిగిన ప్రశ్నకు ఈ వ్యాసం సమాధానం.

కొచ్చి నుండి ఓడలో కవరత్తికి దాదాపు ఒక రాత్రి, కొంత పగలు పడుతుంది. తెల్లవారిన తరువాత ఓడ పైతట్టుకు వచ్చి చూస్తే, ముదురు నీలి సముద్రం మధ్య కొబ్బరిచెట్ల గీత ఒకటి కనిపిస్తుంది. నేల కనిపించదు, చెట్లే కనిపిస్తాయి. ఎందుకంటే నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్లు మాత్రమే ఎత్తు. పూర్వం అగ్నిపర్వత శిఖరాల చుట్టూ పగడాలు పెరిగాయనీ, శిఖరాలు క్రమంగా క్రుంగుతుండగా పగడాలు పైకి పెరుగుతూ వచ్చి ఉంగరం వంటి అటోల్‌గా మిగిలాయనీ చార్లెస్ డార్విన్ 1842లో ప్రతిపాదించాడు. ఇక్కడి దీవులలో చాలావాటికి భూమి ఆ ఉంగరానికి తూర్పు అంచున ఉంటుంది. పడమటి వైపున భిత్తిక గోడ, ఆ గోడకూ దీవికీ నడుమ లాగూన్ అనే నిశ్చల జలం. తూర్పున నిలబడితే సముద్రఘోష; ఊరు దాటి పడమటికి నడిస్తే చెరువు వంటి నిశ్శబ్దం. మొదటి ఉదయం చేయవలసిన పని ఈ రెండు తీరాలనూ నడిచి చూడడమే. దానికి ఖర్చు లేదు, ఈత రానక్కరలేదు.

తరువాత నీటిలో దిగాలి. కండ్లకు అద్దం, నోటికి గొట్టం పెట్టుకొని ముఖం నీటిలో ఉంచి తేలడాన్ని స్నార్కెలింగ్ అంటారు. ఈత రానివారికి అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. నాకు ఈత అంతంత మాత్రం కనుక రక్షణ కవచం తొడుక్కొని, గైడు చేయి వదలకుండా తేలాను. మొదటి నిమిషం ఊపిరి అందలేదు, రెండవ నిమిషం భయం మరచిపోయాను. జింక కొమ్ముల వంటి పగడాలు, మెదడు వంటి పగడాలు కనిపించాయి. సీ అనిమోన్ అనే పువ్వు వంటి జంతువు కేసరాల మధ్య నారింజరంగు చేప దాగుడుమూతలాడుతున్నది. చిలుక ముక్కు వంటి పండ్లతో ఒక చేప పగడాన్ని కొరుకుతున్నది; ఆ కొరికే చప్పుడు నీటిలో స్పష్టంగా వినవచ్చింది. అది మింగిన సున్నపురాయి పొడియై బయటకు వస్తుంది. మనం ముచ్చటపడి గుప్పిట పట్టే ఆ తెల్లని ఇసుకలో కొంత భాగం అట్లా తయారయినదే!

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. అద్దంలోకి నీరు రాగా సర్దుకుందామని కాలికి తగిలిన రాయి మీద నిలబడ్డాను. కాలి క్రింద ఏదో పుటుక్కున విరిగింది, అరికాలు కోసుకుంది. పడవ నడిపే పెద్దాయన కోప్పడలేదు. విరిగిన ముక్కను నాకు చూపించి, వచ్చీరాని హిందీలో, "బాబూ, ఇది రాయి కాదు, ఇది బ్రతికి ఉన్నది" అన్నాడు. కాలి గాయం మానడానికి రెండు వారాలు పట్టింది. గుండు వంటి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుందని తరువాత చదివాను. కొమ్మల పగడాలు కొంత త్వరగా పెరుగుతాయి గాని, అవి కూడా నా కాలి గాయమంత త్వరగా మానవు.

పగడం వృక్షమూ కాదు, శిలా కాదు. వేలకొద్దీ సూక్ష్మజంతువులు కలిసి కట్టుకున్న సున్నపు నివాసం. ఆ జంతువుల దేహంలో ఇంకా సూక్ష్మమైన నాచుజీవులు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి పెడతాయి. రంగులు కూడా చాలావరకు వాటివే. నీటి వేడి సాధారణ వేసవి గరిష్ఠాన్ని మించి ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా చాలు, ఈ కాపురం చెడుతుంది. నాచుజీవులు బయటకు పోతాయి, పగడం తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకుంటే మరణిస్తుంది. లక్షద్వీపంలో 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో ఇటువంటి వివర్ణత సంభవించింది. పగడం చనిపోతే గోడ బలహీనమవుతుంది, గోడ బలహీనమైతే అలలు దీవినే కోస్తాయి. బంగారం దీవి సమీపంలోని పరళి అనే నిర్జన దీవులలో ఒకటి పూర్తిగా కోతకు గురయి మాయమైందని 2017లో పరిశోధకులు ప్రకటించారు. కనుక ఆ గోడ అక్కడి ప్రజలకు కేవలం వేడుక వస్తువు కాదు. పగడాన్ని ముక్కయినా తీసుకురావడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను.

నీటిలో దిగే వేళను పోటుపాట్లను బట్టి నిర్ణయించుకోవాలి. ఒక పోటు నుండి మరొక పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ఈ రోజు పది గంటలకు పోటు అయితే, రేపు దాదాపు పది గంటల యాభై నిమిషాలకు అవుతుంది. అమావాస్య, పౌర్ణమి తరువాత పోటు మిక్కిలి ఎక్కువ, పాటు మిక్కిలి తక్కువ. నెలవంకను చూసి నెలలు లెక్కించే ఇండ్లలో పెరిగిన మన విద్యార్థులకు ఈ లెక్క బోధపడడం సులభమే. నీరు తీసే సమయంలో లాగూన్‌లోని జలం భిత్తికలోని సందుల గుండా సముద్రంలోకి పరుగెత్తుతుంది. ఆ సందుల వైపు పోయినవారిని అది లాగివేస్తుంది. స్థానికులు వద్దన్నచోట దిగరాదు. నీరు తీసిన తరువాత మోకాలిలోతు మడుగులలో నడవదలచినవారు దళసరి అడుగున్న బూట్లు తొడుక్కొని, ఇసుక ఉన్న చోటనే అడుగు వేయాలి. రాయి వలె కదలక పడి ఉండే విషపు చేప ఒకటి ఉంటుంది, ముండ్లబంతుల వంటి జీవులూ ఉంటాయి.

మధ్యాహ్నం ఎండ తీవ్రం. అది ఊరిలో తిరిగే సమయం. కవరత్తిలోని ఉజ్రా మసీదు కొయ్యచెక్కడం చూడదగినది. దాని పైకప్పును సముద్రంలో కొట్టుకువచ్చిన ఒకే దుంగతో చెక్కారని స్థానికులు చెప్పుకుంటారు. ప్రజలు దాదాపు అందరూ ముస్లింలే అయినా, వంశం తల్లి వైపు నుండి లెక్కించే ఆచారం అక్కడ తరతరాలుగా ఉన్నది. ఇంటి పేరు తల్లిది. ఈ సంగతి మన సాంఘికశాస్త్ర విద్యార్థులు గమనించదగినది. భాష మలయాళానికి చెందిన జెసెరి. దక్షిణాన ఉన్న మినికాయ్‌లో మాత్రం కుడి నుండి ఎడమకు వ్రాసే మహల్ భాష. అక్కడ 1885 నాటి దీపస్తంభం ఉన్నది. మన జాలరులు సూర అని పిలిచే ట్యూనా చేపను ఆ దీవివారు వలతో కాక గాలపు కర్రతో ఒక్కొక్కటిగా పడతారు.

నన్ను అన్నిటికన్న ఎక్కువ ఆలోచింపజేసినది ఒక బావి. ఆ దీవులలో నది లేదు, వాగు లేదు. వాననీరు ఇసుకలోకి ఇంకి, క్రింద ఉన్న ఉప్పునీటి మీద తేలియాడుతూ కటకం ఆకారంలో నిలుస్తుంది. ఉప్పునీరు కొద్దిగా బరువు కావడమే కారణం. మంచినీటి మట్టం సముద్రం కన్న ఒక అడుగు ఎత్తున ఉంటే, క్రింద దాదాపు 40 అడుగుల లోతు మంచినీరు ఉండగలదని సూత్రం. లెక్కను తిరగవేసి చూస్తే, పైమట్టం ఒక్క అడుగు తగ్గిందంటే క్రింద నుండి 40 అడుగుల మేర ఉప్పు పైకి వస్తుందన్న మాట! అందువల్లనే 2005లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కర్మాగారం నెలకొల్పింది. సముద్రం లోతులలోని చల్లని నీటికీ పైనీటికీ గల ఉష్ణోగ్రతా భేదంతో అది పనిచేస్తుంది. ఇది తెలిసిన తరువాత ఉప్పు వదిలించుకోవడానికి రెండవ బకెట్టు నీరు అడగడానికి నాకు నోరు రాలేదు.

రాత్రి చేయవలసిన పని ఒకటుంది. ఉత్తరపు ఒడ్డున నిలబడి, చేయి చాచి, పిడికిలి బిగించి సముద్రపు అంచు మీద ఉంచండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. కవరత్తి ఉన్నది పదిన్నర డిగ్రీల అక్షాంశం మీద. కనుక ధ్రువనక్షత్రం సరిగా పిడికిలి పైన కనిపిస్తుంది. హైదరాబాదులో అది దాదాపు రెండు పిడికిళ్ళ ఎత్తున ఉంటుంది. పూర్వం అరబ్బు నావికులు కమాల్ అనే చిన్న చెక్కపలకకు ముడులు వేసిన దారం కట్టి, ఇదే పద్ధతిన తామెక్కడ ఉన్నదీ తెలుసుకొనేవారు. అన్నయ్య అట్టముక్కకు దారం కట్టి ప్రయత్నించాడు. మాకు పదకొండు డిగ్రీలు వచ్చింది.

కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విహారయాత్రలు నాలుగు రోజులలో ఎనిమిది ఊళ్ళు చుట్టివస్తాయి. విద్యార్థులు చూసినదానికన్న బస్సులో నిద్రపోయినది ఎక్కువ. ఒక ఏడాది పాతికమందితో ఒకే దీవికి పోవడం సాధ్యమేనని నా అభిప్రాయం. దీవులలో ప్రవేశించడానికి ముందుగా అనుమతిపత్రం పొందాలి, ఓడలో స్థలం కూడా ముందే చూసుకోవాలి. యాత్రకు అనువైన కాలం అక్టోబరు నుండి మే నెల మధ్య వరకు. ఆ తరువాత వర్షాకాలపు సముద్రం ఒప్పుకోదు. మన పరీక్షలు మార్చిలో గనుక, మిగిలేవి డిసెంబరు, జనవరి నెలలు. దరఖాస్తుల పని దసరా సెలవులకు ముందే మొదలు కావాలి.