పగిలిన స్లాబుకు ఎవరు జవాబుదారీ?

నెల్లూరు - ముంబయి రహదారి పక్కన ఉన్న బుచ్చిరెడ్డిపాలెం నగర పంచాయతీ హోదా పొందినప్పటికీ, అక్కడ సొంతిల్లు అంటే ఇప్పటికీ ఎక్కువగా సొంత స్థలంలో మేస్త్రీ చేత కట్టించుకునే విడి ఇల్లే. రియల్ ఎస్టేట్ చట్టం గురించి, బిల్డర్ల మీద వచ్చే తీర్పుల గురించి పత్రికల్లో కనిపించే సమాచారం ప్రధానంగా నగరాల్లోని అపార్ట్‌మెంట్లకు సంబంధించినది కావడంతో, ఇలాంటి విడి ఇంటి యజమాని తనకూ మేస్త్రీకీ మధ్య తగాదా వచ్చినప్పుడు చట్టంలో తనకు చోటే లేదనుకుని పెద్దమనుషుల దగ్గరికో, పోలీస్ స్టేషనుకో వెళ్తాడు. ఆ అభిప్రాయం సరైనది కాదు. అతనికి చట్టంలో చోటు ఉంది, అయితే అది ఏ మేరకు ఉందన్నది పని అప్పగించిన తీరును బట్టి మారుతుంది.

పని అప్పగించే పద్ధతులు స్థూలంగా మూడు. మొదటిది రోజు కూలి: యజమానే సామగ్రి తెచ్చి, తన ఆజమాయిషీలోనే తాపీ పనివారి చేత పని చేయించుకుంటాడు. రెండోది లేబర్ కాంట్రాక్టు: సామగ్రి యజమానిది, పని మేస్త్రీది, లెక్క చదరపు అడుగుకు ఇంత అని. మూడోది సామగ్రితో సహా మొత్తం కాంట్రాక్టర్‌కే అప్పగించి, పునాది, లింటెల్, స్లాబు, ప్లాస్టరింగ్ అంటూ దశలవారీగా డబ్బు చెల్లించే పద్ధతి. చట్టం దృష్టిలో మొదటి పద్ధతికీ మిగిలిన రెండింటికీ మధ్య పెద్ద గీతే ఉంది. యజమాని చెప్పినట్లు చెప్పిన చోట పనిచేసే కూలి మనిషికీ అతనికీ ఉన్నది ఉద్యోగి - యజమాని తరహా సంబంధం కాబట్టి, ‘వ్యక్తిగత సేవా ఒప్పందం’ పేరుతో వినియోగదారుల చట్టం దానిని తన పరిధి నుంచి మినహాయించింది. పని ఫలితానికి తాను బాధ్యత వహిస్తానని ధర మాట్లాడుకున్న మేస్త్రీ మాత్రం, చదివిన ఇంజనీరు కాకపోయినా, బోర్డు పెట్టిన సంస్థ కాకపోయినా, ‘సేవ’ అందించే వ్యక్తే అవుతాడు.

రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టం 2016లో వచ్చింది. జనం నోట ‘రెరా’గా నలుగుతున్న ఈ చట్టం అమ్మకం కోసం చేపట్టే ప్రాజెక్టులకే వర్తిస్తుంది తప్ప, సొంత స్థలంలో సొంతానికి కట్టించుకునే ఇంటికి వర్తించదు. అమ్మకపు ప్రాజెక్టు అయినా సరే, స్థలం 500 చదరపు మీటర్లు, అంటే నెల్లూరు కొలతలో సుమారు 75 అంకణాలు, దాటకపోతే లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోతే రిజిస్ట్రేషన్ అవసరం లేదని చట్టమే చెబుతోంది. బుచ్చిరెడ్డిపాలెం వాసి నెల్లూరులో రిజిస్టరైన అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నప్పుడు ఈ చట్టం గట్టి ఆయుధమే. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా బిల్డర్ పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. స్వాధీనం చేసిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి, ఆ సంగతి తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. గడువు తప్పినప్పుడు కొనుగోలుదారు డబ్బు వెనక్కి తీసుకోదలిస్తే వడ్డీతో సహా ఇవ్వాలి, ఫ్లాటే కావాలంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ చెల్లించాలి. రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో స్పష్టం చేసింది.

విడి ఇంటి యజమానికి అసలు ఆసరా వినియోగదారుల రక్షణ చట్టమే. 1986 నాటి చట్టంలో ‘సేవ’ నిర్వచనంలో గృహ నిర్మాణం అన్న మాట మొదట లేదు. 1993 జూన్‌లో వచ్చిన ఆర్డినెన్సుతో చేరింది. అదే ఏడాది నవంబరు 5న లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, ఆ మాట చేర్చకముందు కూడా గృహ నిర్మాణం సేవ కిందికే వస్తుందని తేల్చింది. మనిషి తన ఇల్లు తానే కట్టుకోవచ్చు లేదా బిల్డర్‌నో కాంట్రాక్టర్‌నో పెట్టుకోవచ్చు, ప్రతిఫలం తీసుకుని ఆ పని చేసేవాడు అందించేది సేవే అన్నది ఆ తీర్పులోని తర్కం. ఆ కేసులో ప్రతివాది ఒక ప్రభుత్వ అభివృద్ధి సంస్థ కావడంతో చర్చ అంతా అటువైపే సాగింది గానీ, చిన్న ఊళ్లోని చదరపు అడుగు లెక్క మేస్త్రీ దాకా ఆ తర్కం సాఫీగా వర్తిస్తుంది. ఇప్పుడు అమలులో ఉన్న 2019 నాటి చట్టం కూడా గృహ నిర్మాణాన్ని సేవగా పేరు పెట్టి చెప్పింది. వాణిజ్య ప్రయోజనానికి మాత్రం ఈ రక్షణ లేదు. అదే యజమాని తన ధాన్యం మిల్లుకు గోదాము కట్టించుకుంటూ తగాదా పడితే సాధారణంగా సివిల్ కోర్టుకే వెళ్లాల్సి ఉంటుంది.

చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలకు మించకపోతే ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు, అంటే నెల్లూరుకు వెళ్తుంది. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, ఎదుటి పక్షం ఎక్కడివాడైనా ఫిర్యాదీ తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కాబట్టి తమిళనాడు నుంచో, మరో జిల్లా నుంచో వచ్చి పని ఒప్పుకున్న కాంట్రాక్టర్ సగంలో వెళ్లిపోయినా, యజమాని అతని ఊరు వెతుక్కుంటూ పోనక్కరలేదు. ఐదు లక్షల దాకా రుసుము లేదు. పది లక్షలు దాటి 20 లక్షల వరకైతే 400 రూపాయలు, 50 లక్షల వరకైతే 1,000 రూపాయలు. న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ఆలస్యానికి తగిన హేతువు చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు. పరీక్షలు అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైన కేసును ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది గానీ, ఆ గడువును నమ్ముకుని గృహప్రవేశం ముహూర్తం పెట్టుకోవడం తెలివైన పని కాదు.

స్థలం ఇచ్చి ఫ్లాట్లలో వాటా తీసుకునే యజమాని సంగతి వేరు. డెవలపర్‌తో కలిసి వ్యాపారం చేస్తున్నవాడు వినియోగదారు ఎలా అవుతాడన్న ప్రశ్న విశాఖపట్నం బుచ్చిరాజుపాలెంలోని ఒక స్థలం విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్లాట్లను 40, 60 శాతాలుగా పంచుకోవాలని, ప్లాన్‌కు ఆమోదం వచ్చాక 19 నెలల్లో పూర్తి చేయాలని, తప్పితే ఒక్కో ఫ్లాటుకు నెలకు రెండు వేల రూపాయల అద్దె ఇవ్వాలని ఒప్పందం. గడువు దాటడంతో వచ్చిన ఫిర్యాదును, ఇది ఉమ్మడి వ్యాపారం కాబట్టి స్థల యజమాని వినియోగదారు కాడన్న కారణంతో రాష్ట్ర, జాతీయ కమిషన్లు తోసిపుచ్చాయి. 2016 జులై 22న సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కొట్టివేసింది. లాభనష్టాల్లో గానీ నిర్మాణ నిర్వహణలో గానీ పాలు లేకుండా, భూమినే ప్రతిఫలంగా ఇచ్చి తన వాటా ఫ్లాట్లు కట్టించుకున్న యజమాని వినియోగదారే అని, ఒప్పందానికి ఏ పేరు పెట్టారన్నది కాక అందులోని షరతులు ఏం చెబుతున్నాయన్నదే చూడాలని చెప్పి, నిజానిజాలు తేల్చడానికి కేసును రాష్ట్ర కమిషన్‌కు తిరిగి పంపింది. నెల్లూరు చుట్టుపక్కల డెవలప్‌మెంట్‌కు స్థలం ఇస్తున్నవారు ఒప్పంద పత్రంలో ‘భాగస్వామ్యం’ అన్న మాట ఏ అర్థంలో పడుతోందో సంతకానికి ముందు చదువుకోవాల్సింది ఇందుకే.

హక్కు ఉన్నదని తేలాక మిగిలేది రుజువు, ఇళ్ల కేసులు ఎక్కువగా వీగిపోయేది అక్కడే. ఇంటి లోపానికి సాక్ష్యం ఇంటిలోనే ఉంటుంది. ఆ సాక్ష్యాన్ని మొదట చెరిపేసేది ఎదుటి పక్షం కాదు, కోపంతో రెండో మేస్త్రీని తెచ్చుకున్న యజమానే. స్లాబు ఉదాహరణే చూడవచ్చు. కాంక్రీటు నిర్మాణానికి దేశమంతటా ప్రమాణంగా ఉన్న ఐ.ఎస్. 456 ప్రకారం సాధారణ సిమెంటు వాడినప్పుడు నాలుగున్నర మీటర్ల, అంటే సుమారు 15 అడుగుల వెడల్పు దాకా ఉన్న స్లాబు కింద ఆధారాలను ఏడు రోజులైనా ఉంచాలి. అంతకు మించిన వెడల్పుకు 14 రోజులు. సాధారణ సిమెంటుకు ఏడు రోజులైనా, బూడిద కలిపిన సిమెంటుకు పది రోజులైనా నీళ్లు పట్టాలి. సెంట్రింగ్ సామాను ఇంకో ఇంటికి కావాలని మేస్త్రీ నాలుగో రోజే కర్రలు తీయించాడనుకుంటే, ఆ తేదీ ఎక్కడా రాసి ఉండదు. పది నెలల తర్వాత ఈశాన్య రుతుపవనాల వానకు స్లాబు ఊటెక్కి పెచ్చులు ఊడితే, లేబర్ కాంట్రాక్టు మేస్త్రీ ఇచ్చే జవాబు ఒక్కటే: సిమెంటు, ఇనుము మీరే తెచ్చారు, ఇసుక మీరే తోలించారు. ఆ జవాబు అబద్ధమని చూపడానికి బిల్లులు, సిమెంటు బస్తాల మీది తయారీ వారం, కమ్ములు కట్టిన రోజు తీసిన ఫొటోలు, స్లాబు పోసిన రోజూ కర్రలు తీసిన రోజూ పెట్టిన వాట్సాప్ సందేశాలు కావాలి. సివిల్ కోర్టులో ఫోన్‌లోని ఫొటో, సందేశం సాక్ష్యంగా నిలవాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యపు నియమాలు అంత బిగువుగా ఉండవు, అయినా ధ్రువపత్రం పెట్టుకుంటే నష్టం లేదు.

లోపం కనిపించిన వెంటనే గోడకు సిమెంటు పూయించడం కంటే ముందు అర్హత ఉన్న సివిల్ ఇంజనీరు చేత పరిశీలన చేయించి, తేదీతో, కొలతలతో, ఫొటోలతో నివేదిక తీసుకోవాలి. కాంక్రీటు పైపొర గట్టితనాన్ని చూపే రీబౌండ్ హామర్ పరీక్ష ఖర్చు తక్కువదే. బలం మీదే వివాదం ఉంటే స్లాబులోంచి చిన్న స్తంభాకారపు ముక్క కోసి ప్రయోగశాలలో నలగ్గొట్టి చూసే కోర్ పరీక్ష దాకా వెళ్లాలి. అయితే ఒక పక్షం తెచ్చిన నివేదికను ఎదుటి పక్షం డబ్బిచ్చి రాయించుకున్నదని కొట్టిపారేస్తుంది కాబట్టి, అడ్వొకేట్ కమిషనర్ నియామకానికి విలువ ఎక్కువ. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 26వ ఆర్డర్, 9వ రూల్ కింద కోర్టు ఒక న్యాయవాదిని నియమించి, ఇరుపక్షాల సమక్షంలో స్థలాన్ని పరిశీలించి నివేదిక ఇవ్వమంటుంది; అవసరమైతే ఇంజనీరును తోడు పంపుతుంది. వినియోగదారుల కమిషన్లు కూడా ఈ పద్ధతిని వాడుకున్న సందర్భాలున్నాయి. ఆ కమిషనర్ వచ్చేసరికి పగుళ్లు పూడ్చి రంగు వేసి ఉంటే నివేదికలో రాయడానికి ఏమీ ఉండదు.

మరి వాన కురిసే ఇంట్లో ఏళ్ల తరబడి కూర్చోవాలా అన్న ప్రశ్నకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ జవాబు చెబుతుంది. ఒప్పందం తప్పిన పక్షానికి కనీసం 30 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ అతను పని చేయకపోతే మరొకరి చేత చేయించుకుని, ఆ ఖర్చును మొదటివాడి నుంచి రాబట్టుకోవచ్చని 20వ సెక్షన్ చెబుతోంది. నోటీసు లేకుండా చేయించుకున్న పని ఖర్చును ఈ సెక్షన్ కింద అడగడానికి వీల్లేదు. కాబట్టి వరుస తప్పకూడదు: ముందు ఇంజనీరు నివేదిక, తర్వాత అందినట్లు రుజువు ఉండేలా తపాలాలో నోటీసు, 30 రోజులు గడిచాక కొత్త మేస్త్రీ, అతని బిల్లులు. సివిల్ దావాకు గడువు ఒప్పందం తప్పిన నాటి నుంచి మూడేళ్లు. ఒప్పంద పత్రానికి తగిన స్టాంపు లేకపోతే సుంకం, జరిమానా కట్టేదాకా కోర్టు దానిని సాక్ష్యంగా తీసుకోదు. నోటి ఒప్పందమైతే చెల్లదని కాదు. బ్యాంకు లావాదేవీలు, రసీదులు, సాక్షుల మాటలతో దానిని నిరూపించుకోవాల్సి వస్తుంది, అంతే.

పోలీసు ఫిర్యాదు విషయంలో జనంలో ఉన్న భరోసా అతిగానే ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద మోసం నిలవాలంటే డబ్బు తీసుకున్న రోజే మోసగించే ఉద్దేశం ఉండాలి. మాట తప్పడం ఒక్కటే నేరం కాదని సుప్రీంకోర్టు పదేపదే చెబుతూ వస్తోంది. పునాది, గోడలు పూర్తి చేసి స్లాబు దగ్గర ఆగిపోయిన మేస్త్రీ మీద ఆ సెక్షన్ నిలవడం కష్టం. అడ్వాన్సు తిరిగి ఇస్తానని అతను ఇచ్చిన చెక్కు చెల్లకపోతే సంగతి వేరు: బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు, 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు.

పెద్దమనుషుల పంచాయితీని తీసిపారేయనక్కరలేదు గానీ, అక్కడ కుదిరిన రాజీ నోటి మాటగానే మిగిలితే మళ్లీ మొదటికొస్తుంది. అదే రాజీని న్యాయ సేవాధికార సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో, కేసు వేయకముందే నమోదు చేయించుకుంటే, 1987 నాటి చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానమవుతుంది, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది కూడా అక్కడే దొరుకుతాడు.

తప్పు ఎప్పుడూ మేస్త్రీదే అనుకోవడం న్యాయం కాదు. వాస్తు చూసే ఆయన మాట విని మెట్లను ఒక మూల నుంచి మరో మూలకు మార్పించి, అదనపు పనికి డబ్బు అడిగితే ఒప్పందంలో లేదనే యజమానులు తక్కువేం కాదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనిని అనుభవించినవాడు పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి అలాంటి మేస్త్రీ కూడా కోర్టుకెక్కవచ్చు. మంజూరైన ప్లానుకు విరుద్ధంగా తానే అంతస్తు పెంచుకున్న యజమాని పగుళ్ల గురించి ఫిర్యాదు చేస్తే ఆ వాదన బలహీనపడుతుంది. వానల వల్ల ఆలస్యమైందన్న కాంట్రాక్టర్ వాదన మాత్రం ఈ జిల్లాలో జాగ్రత్తగా తూచాల్సింది: 2021 నవంబరులో పెన్నకు వచ్చినంత వరద ఊహించనిదే కావచ్చు గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరులో వాన పడుతుందన్నది పని ఒప్పుకునే రోజే అందరికీ తెలిసిన విషయం.

గెలిచిన తర్వాత కూడా ఒక మెట్టు ఉంది. కమిషన్ ఆదేశాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు, ధిక్కరించినవారికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయినా సెంట్రింగ్ సామాను తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేని మేస్త్రీ నుంచి లక్షలు రాబట్టడం చట్టంలో ఉన్నంత సులువు కాదు. అందువల్ల యజమాని చేతిలో అన్నిటికంటే పదునైన హక్కు ఇంకా చెల్లించని డబ్బే. ప్రభుత్వ పనుల్లో బిల్లులో కొంత భాగాన్ని లోపాల బాధ్యత కాలం ముగిసేదాకా అట్టిపెట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఇంటి ఒప్పందంలోనూ అలాంటి షరతు రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. బుచ్చిరెడ్డిపాలెంలో ఇల్లు కట్టించుకోబోయేవారు మొత్తంలో ఐదు నుంచి పది శాతం చివరి కిస్తీగా మిగిల్చి, స్లాబు మీద ఒక డిసెంబరు దాటాకే అది చెల్లిస్తామని పని మొదలు పెట్టకముందే రాయించుకోవాలి.