మందుల ఖర్చు తగ్గాలంటే...

బి.పి., షుగరు ఉన్నవారు నెలనెలా మందులు కొనుక్కోవలసిందే. బిల్లు చూసి భయపడి కొందరు రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి. పైకి ఏ బాధా తెలియకపోయినా, బి.పి. అదుపు తప్పితే పక్షవాతం రావచ్చు. గుండె, కిడ్నీలు దెబ్బతినవచ్చు. మాత్ర మానకుండానే ఖర్చు తగ్గించుకునే మార్గాలున్నాయి.

ధరలో తేడా ఎందుకు?

ఒకే మందును చాలా కంపెనీలు తయారుచేసి, ఎవరి పేరు వారు పెట్టుకుంటాయి. బి.పి.కి వాడే అమ్లోడిపిన్, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఇలా రకరకాల పేర్లతో, రకరకాల ధరలకు దొరుకుతాయి. కంపెనీ ప్రచారానికి పెట్టే ఖర్చు కూడా ధరలో కలుస్తుంది. అసలు పేరుతో అమ్మే జనరిక్ మందులకు ఆ ఖర్చు తక్కువ. మాత్రల షీటుపై కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా ఉంటుంది, గమనించండి. అక్కడ ముద్రించిన ఎం.ఆర్.పి.లోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి. అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.

మనం ఏం చేయాలి?

• "ఇదే మందు తక్కువ ధరలో ఉందా అండీ?" అని డాక్టరుగారిని అడగండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. చీటీలో మందు అసలు పేరు రాయమనండి.

• 2008లో మొదలైన జన ఔషధి కేంద్రాలలో చాలా జనరిక్ మందులు సగం ధరకే, కొన్ని అంతకంటే తక్కువకు దొరుకుతాయి. కొనేటప్పుడు పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ సరిచూసుకోండి.

• ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు.

• ఇద్దరు డాక్టర్ల దగ్గరకు వెళ్తుంటే ఇద్దరికీ అన్ని చీటీలూ చూపించండి. ఒకే మందును రెండు పేర్లతో కొని వాడితే డబ్బు దండగ, ప్రాణానికీ ప్రమాదం.

• కొత్తగా రాసిన మందు పడుతుందో లేదో తెలిసేదాకా నెలకు సరిపడా ఒకేసారి కొనకండి.

జాగ్రత్త!

ఫిట్స్‌కు, థైరాయిడ్‌కు, రక్తం పలచబడడానికి మందులు వాడేవారు డాక్టరుగారికి చెప్పకుండా కంపెనీ మార్చకూడదు. ఇంకొకరికి రాసిన మందు చవకగా దొరికిందని వేసుకోకూడదు.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత చీటీలు, బిల్లులు, వాడుతున్న మాత్రల షీట్లు అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. అవసరం లేనివి ఏవో, తక్కువ ధరకు దొరికేవి ఏవో డాక్టరుగారి ఎదుటే కలిసి చూసుకుందాం.